ఓడెక్కే ముందు మనలో మనం చెప్పుకోవలసినవి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పోయిన నెల కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఏమబ్బా, నువ్వు ఓడెక్కి వచ్చినోడివి గదా, స్వర్ణోత్సవానికి మనమందరం పోదామనుకుంటున్నాం, ఎట్టా పోవాలో ఏం చెయ్యాలో సభలో నాలుగు మాటలు చెప్పు" అన్నారు. చెన్నై నుంచి విశాఖపట్నం దాకా ఓడలో పోయి రావాలని, వీలైన గురువుల్ని కూడా వెంటబెట్టుకుపోవాలని సంఘం ఆలోచన. మంచి ఆలోచన. నేను 1985 బ్యాచ్ వాణ్ణి. ముప్పై ఏళ్ళు థర్మల్ స్టేషన్లలో బాయిలర్ల పక్కన బతికిన ఇంజనీరుని. ఓడల గురించి నాకు ఉన్న అనుభవమల్లా ఒక్క ప్రయాణం, దానికోసం చదువుకున్న కొన్ని సంగతులు, అక్కడ మా బ్యాచ్ చేసిన తప్పులు. తప్పుల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

మనం సముద్రం పక్కన పుట్టామేగానీ సముద్రం మీద ప్రయాణం మనలో చాలామందికి తెలియదు. మైపాడు ఇసుకలో కూర్చుని వేరుశెనక్కాయలు వొలుచుకుంటూ దూరాన పోయే ఓడల్ని లెక్కపెట్టినవాళ్ళం. మన తాతల తరానికి నీటి ప్రయాణమంటే బకింగ్‌హామ్ కాలువ. ఉప్పూ కట్టెలూ మోసే పడవల్లో మద్రాసు పోయి వచ్చేవాళ్ళు. పడవలో గొడవ పడితే దిగిపోవడానికి లేదని, అందుకే ఎక్కేముందే ఎవరు ఏం తెచ్చారో ఎవరికి ఏం పడదో చెప్పుకునేవాళ్ళని మా నాయనమ్మ అనేది. ఈ పెద్ద ఓడకీ ఆ మాటే వర్తిస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మేం పోయింది 2022 జూన్‌లో. ఎంప్రెస్ అనే ఓడ విశాఖకు తొలిసారి వచ్చిన నెల అది. 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ, 211 మీటర్ల పొడవు. మన బడి ఆటస్థలం రెండు వరసన పెట్టినా దానికి చాలదేమో. ఈ ఓడలు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే మన వైపు ఎందుకొస్తాయని కొందరు అడిగారు. నైరుతి రుతుపవనాలప్పుడు బొంబాయి వైపు సముద్రం పొంగుతుంది. అప్పుడు మన వైపు కాస్త నెమ్మది. అక్టోబరు తర్వాత వంతు మనది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానుని చూసినవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు, కొత్తగా నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఎవరు ఎంత తక్కువ రేటు చెప్పినా నవంబరులో మాత్రం వద్దు.

ముందుగా కాయితాలు. విశాఖ దాకా అయితే ఆధార్ లాంటి ప్రభుత్వ గుర్తింపు కార్డు చాలు. శ్రీలంక కూడా చూద్దామంటే పాస్‌పోర్టు కావాలి, దానికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మన వాళ్ళకు వచ్చే చిక్కు ఇంటిపేరు దగ్గర. ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, టికెట్‌లో అది అసలు లేకుండా ఉంటుంది. మా బృందంలో ఒకాయన పేరు మూడుచోట్ల మూడు రకాలుగా ఉండింది. లోపలికి పోనిచ్చేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. సంఘానికి పేరిచ్చేటప్పుడు కార్డు చూసుకుంటూ అక్షరం అక్షరం రాయండి.

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లే గదా, పొద్దున బయల్దేరి పోదాం అనుకోకండి. హార్బరు చుట్టుపక్కల కంటెయినర్ లారీల వరస ఎప్పుడు ఎంతసేపు నిలబడిపోతుందో చెప్పలేం. ఓడ మనకోసం ఆగదు. ముందురోజే చేరి రాత్రికి అక్కడే పడుకోవడం మేలు, ముఖ్యంగా గురువులతో పోయేటప్పుడు. సామాను గేటు దగ్గర ఇచ్చేస్తే గదికి వాళ్ళే చేరుస్తారు గానీ, అది సాయంత్రం ఎప్పటికో వస్తుంది. అందుకని బీపీ, షుగర్ మాత్రలు, ఇన్సులిన్, కళ్ళద్దాలు చేతిసంచిలో పెట్టుకోవాలి, పెట్టెలో కాదు. ఓడలో డాక్టరు ఉంటారు. అయితే అది పెద్దాసుపత్రి కాదు. గుండెకు స్టెంటు వేయించుకున్న సంగతి దాచి వచ్చినవాడు మా బృందంలో ఒకడున్నాడు. "చెప్తే రానివ్వరేమోనని" అన్నాడు. రెండో రాత్రి ఆయాసం వచ్చినప్పుడు మాకందరికీ ఆయాసం వచ్చింది. అదృష్టం కొద్దీ అది అరగకపోవడం. దయచేసి ఉన్న జబ్బు ఉన్నట్టు చెప్పండి. పథ్యం ఉంటే టికెట్ తీసుకునేటప్పుడే రాయించండి. ఓడెక్కాక వంటవాణ్ణి పట్టుకుని అడిగేకన్నా అది తేలిక.

ఏం తీసుకుపోకూడదో కూడా చెప్పాలి. కరెంటు కెటిల్, ఇస్త్రీపెట్టె, అగ్గిపెట్టె, కర్పూరం, అగరొత్తులు, మందు సీసాలు. ఇంటి నుంచి తెచ్చే పచ్చళ్ళూ కారప్పొడులూ కూడా చాలా ఓడల్లో రానివ్వరు. మా ఆవిడ గోంగూర సీసా గేటు దగ్గరే ఉండిపోయింది. దాని సంగతి ఈనాటికీ మా ఇంట్లో ముగియలేదు. పొద్దున్నే దీపం పెట్టుకోకపోతే ఎట్టా అని అడిగే అమ్మలున్నారు. నేను బాయిలర్ల మనిషిని, నిప్పు సంగతి కొంచెం తెలుసు. ఓడలో నిప్పుకి మించిన భయం లేదు, పరుగెత్తడానికి వీధి ఉండదు గనక. మద్రాసుకీ సింగపూరుకీ మధ్య ప్రయాణికుల్ని మోసిన ఎం.వి. చిదంబరం అనే ఓడ పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1985 ఫిబ్రవరిలో, మేం పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్న రోజుల్లో, దానిలో మంటలు లేచాయి, ప్రాణాలు పోయాయి. దాంతో ఆ సర్వీసే ఆగిపోయింది. ఆ రెండు రోజులూ దండం పెట్టుకుంటే చాలు, దేవుడు ఏమీ అనుకోడు. బాల్కనీ నుంచి సిగరెట్ ముక్క విసరడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. గాలికి అది కింది బాల్కనీలో పడుతుంది.

ఎక్కగానే ఒక కసరత్తు ఉంటుంది. ప్రమాదం జరిగితే ఎక్కడ చేరాలి, లైఫ్ జాకెట్ ఎట్టా తొడుక్కోవాలి చూపిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఆ తర్వాత ఒక పొడుగు కూత వినిపిస్తే అది అపాయ సూచన. మా వాళ్ళు సగం మంది భోజనాల హాలు ఎక్కడుందో వెతుక్కుంటూ దానికి ఆలస్యంగా వచ్చారు. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, ఆ రోజు ఎక్కినవాళ్ళలో చాలామందికి ఇంకా ఈ కసరత్తే జరగలేదు. అప్పటిదాకా ఎక్కిన ఇరవై నాలుగ్గంటల్లోగా చేయించినా సరిపోయేది. ఆ తర్వాత ఓడ కదలకముందే, లేకపోతే కదిలిన వెంటనే, చేయించాలని నిబంధన మార్చారు. మన బడి గంట కొడితే వరసలో నిలబడ్డట్టు నిలబడండి. డ్రిల్లు మాష్టారు మనతో వస్తే ఆయన చూసుకుంటారు.

కడుపులో తిప్పడం గురించి ఎక్కువమంది అడుగుతారు. పొలంలో ఏతం చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చివర నిలబడ్డవాడు ఎక్కువ లేస్తాడు, మధ్యలో ఉన్నవాడు కదిలీ కదలనట్టుంటాడు. ఓడా అంతే. పెద్దవాళ్ళకు నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో గది తీసుకోవాలి. పై అంతస్తులో ముందుభాగాన బాల్కనీ గది ఖరీదు ఎక్కువ, ఊగడమూ ఎక్కువ. వాంతి మాత్ర తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే సరిగా పనిచెయ్యదు, ముందే వేసుకోవాలి, అదీ మీ డాక్టరుని అడిగి. అల్లం మొరబ్బా పని చేస్తుంది. గదిలో పడుకుని కప్పు చూడకుండా బయటికొచ్చి సముద్రమూ ఆకాశమూ కలిసే గీతని చూడండి. ఖాళీ కడుపుతో ఉండకండి, నిండా తినకండి.

తీరం దాటిన కొంతసేపటికి ఫోన్ సిగ్నల్ పోతుంది. అప్పుడు ఫోను తనంతట తాను ఓడ శాటిలైట్ నెట్‌వర్కుని పట్టుకుంటే ఆ చార్జీలు మామూలువి కావు. ఓడెక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పిపోండి, లేకపోతే వాళ్ళు కంగారుపడతారు.

ఇక మన నడవడి. గదులున్న నడవాలో లుంగీ ఎగ్గట్టి తిరగడం, అర్ధరాత్రి తలుపు దబ్బుమని వెయ్యడం, స్పీకర్ పెట్టి పాటలు వినడం, కొలను పక్క కుర్చీ మీద తువ్వాలు పరిచి మూడు గంటలు మాయమవడం, ఇవన్నీ మేం చేసినవే, అందుకే చెప్తున్నాను. బఫేలో చెయ్యి పెట్టి ముక్క ఏరడం మాత్రం అసలు వద్దు. ఓడల్లో వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఒకరి నుంచి వందమందికి పాకుతాయి. నోరోవైరస్ అని దానికి పేరు. శానిటైజరు దాన్ని బాగా చంపలేదు. సబ్బూ నీళ్ళే మందు. గోదావరి బ్రిడ్జి మీద రైల్లోంచి రూపాయి వేసినట్టు సముద్రంలోకి పూలూ కొబ్బరికాయలూ ప్లాస్టిక్ కవర్లతో సహా వేసేవాళ్ళని చూశాను. ఓడ నుంచి సముద్రంలోకి ప్లాస్టిక్ వెయ్యడం అంతర్జాతీయ చట్టం ప్రకారం నేరం. పైగా ఆ కవరు తిరిగి మన పాళెం వలల్లోకే వస్తుంది.

అక్కడ పనిచేసే పిల్లల్ని "ఏయ్", "బాయ్" అనొద్దు. చిటికెలెయ్యొద్దు. ప్రతివాడి చొక్కా మీద పేరుంటుంది, చదివి పిలవండి. నెలల తరబడి ఇంటి ముఖం చూడకుండా ఉంటారు. ఓడ ఉద్యోగుల పని గంటలకు 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం పెట్టిన హద్దు రోజుకి 14 గంటలు, వారానికి 72. మన దేశం దాన్ని 2015లో ఆమోదించింది. హద్దే అంత ఉందంటే పని ఎంతుంటుందో ఊహించుకోండి. మన గది సర్దిన కుర్రాడికి దిగేముందు చేతికి ఏదైనా ఇవ్వండి, ఇవ్వలేకపోతే రెండు మంచి మాటలు రాసి పెట్టండి. వాళ్ళకు అదీ పనికొస్తుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మా పదకొండు మందిలో ఒకడు పట్టపుపాళెం మిత్రుడు. ఏడో తరగతి నుంచి నా బెంచీలో కూర్చున్నవాడు, ఇప్పటికీ వేటకు పోయేవాడు. ఈ సంగతి సభలో చెప్పొచ్చా అని అడిగాను. చెప్పుకో, పేరు మాత్రం ఎత్తొద్దన్నాడు. మేం పోయిన రోజులకి వేట నిషేధం ఇంకా ఎత్తెయ్యలేదు. మన తీరానికి అది ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. "ఖాళీగానే ఉండావు గదా, రా" అని మేమే బలవంతపెట్టాం. టికెట్ మేం నలుగురం కలిసి తీశాం. అక్కడితో మా బాధ్యత తీరిందనుకున్నాం.

మొదటి రాత్రి వాడు నిద్రపోలేదు. "ఒరేయ్, ఈ ఓడలో అన్నీ ఉండాయి గానీ సముద్రం యాడరా?" అంటూ నన్ను ఎడమవైపు డెక్కు మీదికి లాక్కుపోయాడు. చెన్నై నుంచి సాయంత్రం కదిలిన ఓడ మన తీరం ఎదురుగా వచ్చేసరికి అర్ధరాత్రి కావస్తుంది, అటూ ఇటుగా ఐదారు గంటల దూరం. పడమట సన్నగా వెలుగు కనిపించింది. "అది కృష్ణపట్నం పోర్టు. దానికి పైన చీకటిగా ఉండేదే మనం" అన్నాడు. వేట లేదు గనక బోట్ల దీపాలు కనిపించడం లేదు. రాత్రిపూట వలేసి కూర్చున్నప్పుడు ఇట్లాంటి ఓడ మీదికొస్తుంటే టార్చిలైటు ఊపుతామని, పైన చూసేవాడున్నాడో లేడో తెలియదని చెప్పాడు. నేను నాకు తెలిసిన రూలు చెప్పాను. 1972 నాటి అంతర్జాతీయ నియమాల ప్రకారం వేటలో ఉన్న పడవకి ఇంజను ఓడే దారివ్వాలి. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడకుండా, "రూలు ఆ ఓడకి కూడా తెలిస్తే బాగుండు" అన్నాడు.

విశాఖలో మేమందరం దిగి కైలాసగిరి పోయాం. వాడు కాలు నొప్పని ఓడలోనే ఉండిపోయాడు. నేను నమ్మేశాను.

ఓడలో డబ్బు చేతిలో ఆడదు. గది కార్డు చూపిస్తే చాలు, లెక్క రాసుకుంటారు, బిల్లు దిగేముందు కట్టాలి. టికెట్‌లో కలిసినవేవో విడిగా కట్టాల్సినవేవో మొదటి రోజే అడిగి తెలుసుకోవాలి. మా మిత్రుడు అన్నీ కలిసే ఉంటాయనుకున్నాడు. మా వాళ్ళు "ఈ రౌండు నీ కార్డు మీద" అంటే నవ్వుతూ ఇచ్చాడు. ఫోటోలకీ వాడి కార్డే, కాఫీలకీ వాడి కార్డే. వాడు మందు ముట్టడు. చివరి రాత్రి నీళ్ళ సీసా కోసం కిందికి దిగితే, కౌంటరు ముందు నిలబడి లోపలి జేబులోంచి నోట్లు ఒక్కొక్కటే తీసి పరుస్తున్నాడు. బిల్లు ఎనిమిది వేల ఆరువందలు. నిషేధం రోజులకి ప్రభుత్వం అప్పట్లో ఇచ్చిన భృతి పదివేలు. వాడు సొంతానికి తీసుకున్నవి రెండు టీలు. విశాఖలో దిగనిది కూడా ఈ భయంతోనేనని అప్పుడు తెలిసింది.

నేను నా పర్సు తీశాను. వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "టికెట్ మీరు కొన్నారు. ఇది కూడా మీరే కడితే నేను మీతో వచ్చినట్టు కాదురా. మీరు నన్ను తెచ్చినట్టు" అన్నాడు.

యాభై దాటిన ఇంజనీర్లం, డాక్టర్లం, కాంట్రాక్టర్లం. మాలో ఒక్కడికీ ఆ మూడు రోజులూ ఈ ఆలోచనే రాలేదు. నేను పర్సు లోపల పెట్టి, అర్ధరాత్రి తలుపులు తట్టి అందర్నీ లేపాను. బిల్లులన్నీ ఒకచోట పరిచి, ఎవరు ఏం తాగారు, ఎవరి ఫోటో ఎవరి దగ్గరుంది, కాయితం మీద గీతలు గీసి రాశాను. ఎవరి వాటా వాళ్ళు తీసి పెట్టారు. మా మిత్రుడు రెండు టీల డబ్బు పెట్టాడు. వాడు ఒప్పుకున్నది దాన్ని లెక్క అన్నాం గనక. సాయం అని ఉంటే ఒప్పుకునేవాడు కాదు. అయినా వాడు చూడని విశాఖని మేం తిరిగి ఇవ్వలేకపోయాం.

అందుకని కమిటీకి నా మనవి. టికెట్టు, పోర్టు చార్జీలు, టిప్పులు, ఒడ్డున తిరిగే బస్సు, టీ కాఫీలు అన్నీ కలిపి ముందే ఒకే మొత్తం చెప్పండి. మందు తాగేవాళ్ళు తమ కార్డు మీదే తాగాలి, ఇది మాత్రం గట్టిగా పెట్టండి. ఎక్కువ ఇవ్వగలిగినవాళ్ళు కోశాధికారికి విడిగా ఇవ్వండి. ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరికి ఎంత తగ్గిందో ఆ పుస్తకం ఆయన దగ్గరే ఉండాలి. వేదిక మీద చదవొద్దు, ఈ సంచికలో అచ్చు వెయ్యొద్దు. దాతలకు శాలువాలు కప్పే సరదా మనకు కొంచెం ఎక్కువ, ఈ ఒక్కసారికి మానుకుందాం. రిటైరైన మన గురువుల్లో పెన్షను లేనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళు "మాకెందుకులే నాయనా" అంటే ఒంట్లో ఓపిక లేకనే అంటున్నారని నాలాగా నమ్మెయ్యకండి.

తేదీ జూలైలో పెట్టమని మా పట్టపుపాళెం మిత్రుడు చెప్పమన్నాడు. అప్పటికి వేట మొదలై ఉంటుంది. ఓడ చెన్నైలో కదిలిన రాత్రి భోజనాలయ్యాక పడుకోకుండా పదకొండుంపావుకల్లా ఎడమవైపు డెక్కు మీదికి రండి, చలిగాలి ఉంటుంది, మాష్టార్లకు శాలువాలు అక్కడ కప్పుదాం. ఏ దీపం ఏ పాళెం బోటుదో వాడు చూపిస్తానన్నాడు.